గీతకు ఆ పక్కా ఈ పక్కా

మొన్న హోసూరులో మా పొరుగింటివాళ్ళు కిటికీలకు కొత్త చట్రాలు వేయించుకుంటుంటే చూడడానికి వెళ్ళాను. పనివాడు ఒక అల్యూమినియం పట్టీని మిషను కింద పెట్టి, పక్కనున్న చక్రాన్ని కొద్దిగా తిప్పి, మీట నొక్కాడు. కీచుమని ఒక్క అరుపు. పట్టీ ఏటవాలుగా తెగి రెండు ముక్కలై కింద పడింది. నేను వంగి ఆ రెండు ముక్కలూ ఏరి, తెగిన చోట మళ్ళీ ఆనించి చూశాను. అతుకు కనబడనంతగా కలిసిపోయాయి.

"ఏం చూస్తున్నారు ఆంటీ?" అని పొరుగింటి కోడలు నవ్వింది.

"ఏం లేదమ్మా" అన్నాను. కానీ ఇంటికి వచ్చి కాఫీ పెట్టుకుంటున్నా నా ముక్కుకు వేపచెక్క పొట్టు వాసన తగులుతూనే ఉంది. ఆ చేదు వాసనలో నాకు పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి.

మా ఊరు వేప్పనపల్లి దాటి కుప్పం వైపు పోయే దారిలో, తమిళనాడు అంచున ఉండేది, కానీ ఊరంతా తెలుగే మాట్లాడేవాళ్ళం. నలభై ఇళ్ళుంటాయేమో. సగం ఇళ్ళ ముందర ఎద్దులు, సగం ఇళ్ళ వెనక గొర్రెలు. మాది గొర్రెల ఇల్లు. చలికాలం పొద్దుటిపూట మంచు ఎంత దట్టంగా దిగేదంటే, దొడ్డిలో గొర్రెలు కనబడేవి కావు, వాటి దగ్గులు మాత్రం వినబడేవి. తడిసిన ఉన్ని వాసన, పెంటికల వాసన, మా అమ్మ పొయ్యి రాజేసిన పొగ, మూడూ కలిసి ఒకే దుప్పటిలాగా మా మీద కప్పుకొనేవి. బడికి పోయినా ఆ వాసన మాతోనే వచ్చేది. పక్క బెంచీ పిల్లలు "గొర్రెపిల్ల వచ్చింది" అని ముక్కు మూసుకొనేవాళ్ళు. వాళ్ళ దగ్గర పేడ వాసన వచ్చేదని నేను అనేదాన్ని.

అది అనపకాయల కాలం. మా వైపు ఆ రెండు నెలలూ ఎవరింటికి పోయినా ఒకటే వంట. కాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య పట్టి పితికితే పొట్టు ఒక పక్కకు, పప్పు ఒక పక్కకు ఎగిరేవి. పితికిన పప్పు, రాగి సంగటి. సంగటి ముద్ద నడుమ వేలితో గుంత చేసి, అందులో పప్పు పోసుకొని, ముద్ద గోడ కూలకుండా చుట్టూ తినుకుంటూ రావడం మాకొక పందెం. బడి నుంచి వచ్చే దారిలో ఎవరి చేలో పడితే వాళ్ళ చేలో కాయలు తెంపుకొని, ఎండుటాకుల మంటలో కాల్చుకొని తినేవాళ్ళం. ఇంటికొచ్చాక మూతి నలుపే పట్టిచ్చేది.

పప్పు పితకడం పిల్లల పని, ముసలివాళ్ళ పని. సాయంత్రం పూట నేనూ అవ్వా అరుగు మీద చేట పెట్టుకొని కూర్చునేవాళ్ళం. అవ్వ అంటే మా నాయన తల్లి. బడి మొహం చూడని మనిషి. కానీ నేను ఇంటికి రాగానే రోజూ అడిగేది.

"ఈ పొద్దు ఏం పాఠం చెప్పినారు పాపా?"

"సంపూరక కోణాలు అవ్వా."

"గోనెలా?"

"గోనెలు కాదవ్వా, కోణాలు. రెండు కోణాలు కలిసి తొంభై అయితే పూరకాలు. నూట ఎనభై అయితే సంపూరకాలు."

"నూట ఎనభై ఏమి? గొర్రెలా, శేర్లా?"

"డిగ్రీలు."

"డిగ్రీ అంటే జ్వరానికి కదా ఉండేది, ఆస్పత్రిలో?" అంది అవ్వ, గింజ పితుకుతూ. "నూట ఎనభై జ్వరమొస్తే మనిషి యాడ బతుకుతాడు?"

నేను నవ్వలేదు. నాకు ఆ రోజు నవ్వు వచ్చే స్థితి లేదు. లెక్కల సారు నన్ను లేపి, "ఒక కోణం డెబ్బై అయితే దాని సంపూరకం ఎంత?" అని అడిగారు. "ఇరవై సార్" అన్నాను. తరగతంతా నవ్వింది. "అది పూరకం. సంపూరకం అడిగినాను. ఇంతకు ముందు వారమూ ఇదే చెప్పినావు" అని నన్ను బెంచీ ఎక్కించారు. బెంచీ మీద నిలబడి కూడా ఆ వాక్యాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పగలను నేను. 'రెండు కోణాల మొత్తం నూట ఎనభై డిగ్రీలైన, అవి సంపూరకములు.' కానీ ఎందుకు నూట ఎనభై? ఎవరు పెట్టారు? రెండు వందలు ఎందుకు కాకూడదు? ఆ వాక్యం లోపల ఏమీ కనబడేది కాదు. తలుపు మూసిన గదిలాగా ఉండేది.

మా సారు మంచివారు కాదని కాదు. ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్ళ మనిషి. రాయకోట వైపు నుంచి వచ్చి, వేప్పనపల్లిలో గది తీసుకొని, రోజూ సైకిలు మీద మా ఊరికి వచ్చేవారు. తెల్ల బట్టలకు ఎర్రమట్టి అంటకుండా చూసుకోవడం ఆయనకు పెద్ద పని. తెలుగులో లెక్కలు చెప్పడానికి మా ఊరికి వచ్చిన మొదటి సారు ఆయనే. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆయన్ను అయ్యవారు అనేవాళ్ళు.

ఆయనకు ఆ ఏడు మనసంతా బడికి కట్టే కొత్త గది మీద ఉండేది. మా బడిలో ఎనిమిది వరకే తరగతులు. ఎనిమిదో తరగతిలో మేము పదకొండు మందిమి వసారాలో కూర్చొని చదివేవాళ్ళం. వేసవి సెలవుల లోపల ఇంకొక గది లేస్తే తొమ్మిదో తరగతి, ఆ పై ఏడు పదో తరగతి తెలుగులోనే ఇస్తామని, లేకుంటే లేదని పై నుంచి చెప్పారు. తొమ్మిది లేకుంటే మగపిల్లలు సైకిళ్ళ మీద వేప్పనపల్లి బడికి పోతారు. ఆడపిల్లలు గొర్రెల వెనక పోతారు. దీన్ని ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పని లేదు. మా అక్క అట్లాగే మానేసింది.

"తొమ్మిది లేకుంటే ఏంలే, మనకు గొర్రెలుండాయి కదా" అన్నాడు మా నాయన ఒక రోజు. కోపంగా కాదు, ఓదార్పుగానే అన్నాడు. అందుకే నాకు ఇంకా ఏడుపొచ్చింది.

గోడలు ఊరివాళ్ళే కట్టారు. మట్టి, రాయి, తలా ఒక రోజు పని. కప్పుకు కలప కావాలి. కలప ఇచ్చింది మా అవ్వ. మా చేను గట్టున ఒక పెద్ద వేపమాను ఉండేది. ఎవరూ నాటింది కాదు, దానంతట అదే మొలిచింది. అవ్వ పెళ్ళయి వచ్చినప్పుడు అది నడుమెత్తు ఉండేదట. నలభై ఏళ్ళ పాటు దాని నీడలోనే ఈనిన గొర్రెలను కట్టేసింది. అంతకు ముందు ఎండాకాలం దాన్ని కొట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. అవ్వ మాను మీద చెయ్యి పెట్టి, "ఇన్నాళ్ళూ గొర్రెలకు నీడ ఇచ్చినావు, ఇంగ పిల్లోళ్ళకు ఇయ్యి" అంది. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేసింది.

ఆ మాను కోసి, ఎనిమిది నెలలు ఆరబెడితే సరిగ్గా పన్నెండు వాసాలు తేలాయి. గదికి కావలసినవి పన్నెండే. పదమూడోది లేదు.

వడ్రంగం చేసేది ఆచారి తాత. మా వైపు నాగళ్ళు, బండ్లు, తలుపులు అన్నీ ఆయన చేతివే. డెబ్బై దాటిన మనిషి. చెవి మీద ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు ఉండేది. దానితో గీతలు గీసేవాడే కానీ ఒక్క అక్షరం, ఒక్క అంకె రాసేవాడు కాదు. రావు. కొలతలన్నీ చేతి జానతో, కంటితో, ఇంకా ఆయన 'కత్తెర' అని పిలిచే పనిముట్టుతో. అది కత్తెర కాదు. రెండు చెక్కపట్టీలను ఒక మేకు దగ్గర కలిపి, కావలసినంత తెరిచి మూసుకొనేటట్టు చేసుకున్నది.

గొడవ మొదలైన రోజు మేము మధ్యాహ్నం సద్ది తిని చేతులు కడుక్కుంటున్నాం. ఆచారి తాత మొదటి వాసాన్ని రెండు మొద్దుల మీద పెట్టాడు. దాని కింది కొసన, గోడ మీది దూలాన్ని పట్టుకొనే గంటు ముందే కొట్టేశాడు. ఇక పై కొస. అటు నుంచి ఒక వాసం, ఇటు నుంచి ఒక వాసం వచ్చి గది నడినెత్తిన మొహాలు ఆనించుకోవాలంటే, ఆ కొసను ఏటవాలుగా కోయాలి. తాత తన కత్తెరను తెరిచి వాసం మీద పెట్టి ఎర్ర గీత గీశాడు.

అంతలో సారు వచ్చి జేబులోంచి గళ్ళ కాగితం తీశారు. గది కప్పంతా దాని మీద ఆయనే గీసి, కోణాలు కొలిచి అంకెలు వేశారు. వంగి, తాత గీత మీద కోణమానిని పెట్టి చూశారు.

"ఇది యాభై అయిదు ఉండాది. కాగితంలో నూట ఇరవై అయిదు కదా ఉండేది!"

"అంకెలు నాకు తెలీవు అయ్యవారూ. కప్పు తెలుసు" అన్నాడు తాత.

"తెలీకుంటే తెలిసినోళ్ళు చెప్పింది వినాల కదా తాతా" అని సారు ఆ గీతను చేత్తో తుడిచేసి, నూట ఇరవై అయిదు వచ్చేటట్టు ఇంకో గీత గీశారు. అది తాత గీతకు సరిగ్గా ఎదురు వాలులో ఉంది.

తాత దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇట్ల కోస్తే రెండు వాసాలూ అడుగున ముట్టుకొని పైన నోరు తెరుస్తాయి. ఆ నోట్లో నుంచి వాన పిల్లోళ్ళ నెత్తిన పడతాది."

"లెక్క తప్పదు తాతా."

"లెక్క తప్పదు, సరే. కొయ్య ఒకసారి తెగితే మళ్ళీ అతుక్కుంటాదా? కింద గంటు కొట్టేసినాను, తిరగేసే దానికి లేదు. ఇది చెడితే ఇంకొకటి యాడ తెస్తావప్పా?"

"నేను చెప్తా ఉండాను కదా. కోయండి."

సారు మొహం ఎర్రబడింది. పిల్లలమంతా చూస్తున్నాం, అది ఆయనకు తెలుసు. తాత రంపం కింద పెట్టాడు.

"నా రంపంతో కోయను. నీ రంపం తెచ్చుకొని కోసుకో అయ్యవారూ" అని, పనిముట్లు గోనెసంచిలో వేసుకొని వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు పని ఆగింది. టీ అంగడి దగ్గర ఊరు రెండుగా చీలింది. చదువుకున్నాయన తప్పు చెప్తాడా అని కొందరు, యాభై ఏళ్ళుగా కోసే చెయ్యి తప్పుతుందా అని కొందరు. ఇద్దరిలో ఒకరు తప్పని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. సారు పాఠం చెబుతూ చెబుతూ కప్పులేని గోడల వైపు చూసేవారు. తాత బడి వైపు ఉన్న తన తలుపు మూసుకొని, పెరట్లో పని చేసుకొనేవాడు.

అయిదో రోజు అవ్వ ఒక గిన్నెలో పితికిన పప్పు, సంగటి పెట్టి నా చేతికిచ్చింది. "ఆచారికి ఇచ్చి రా. కోపంగా ఉండే మనిషి కడుపు మాడ్చుకుంటాడు."

నేను పోయేసరికి తాత పెరట్లో ఒక పలకను చిత్రిక పడుతున్నాడు. గిన్నె చూసి చేతులు కడుక్కొని వచ్చి తిన్నాడు. చెక్కపొట్టు మీద కూర్చొని నేను చూస్తున్నాను.

"తాతా, నువ్వు రాకుంటే గది కాదు. గది లేకుంటే నన్ను బడి మాన్పిస్తారు" అన్నాను. అనాలని పోలేదు. నోట్లోంచి వచ్చేసింది. దాంతోపాటు ఏడుపూ వచ్చింది.

తాత చెయ్యి కడుక్కున్నాడు. గిన్నె పక్కన పెట్టి, "ఆ సారు ఏం పాఠం చెప్తాడు మీకు? నూట ఇరవై అయిదు, నూట ఇరవై అయిదు అంటాడే, అదేమి?" అని అడిగాడు.

నేను ముక్కు తుడుచుకొని వాక్యం అప్పజెప్పాను. "రెండు కోణాల మొత్తం నూట ఎనభై డిగ్రీలైన, అవి సంపూరకములు."

"అంటే?"

"తెలీదు తాతా."

"నాకూ తెలీదు" అన్నాడు. "నాకు తెలిసింది ఒకటే. ఇట్రా."

చిత్రిక పట్టిన పలక అంచు చూపించాడు. "నేరుగా ఉండాదా?"

"ఉంది."

ఆ అంచు మీద ఒక పుల్ల నిట్టనిలువుగా పెట్టాడు. "పుల్లకు ఈ పక్క ఎంత చోటుంది, ఆ పక్క ఎంత?"

"రెండూ సమానం."

పుల్లను మెల్లగా నా వైపు వాల్చాడు. "ఇప్పుడు?"

"ఈ పక్క ఇరుకైంది. ఆ పక్క వెడల్పయింది."

"ఎంత వెడల్పయింది?"

నేను ఆగాను. పుల్లను ఇంకొంచెం వాల్చాడు. ఈ పక్క తగ్గుతోంది, ఆ పక్క పెరుగుతోంది. తగ్గిందెంతో పెరిగిందీ అంతే. బయటినుంచి ఏమీ రాలేదు, ఎక్కడికీ ఏమీ పోలేదు.

"ఈ పక్క ఎంత ఇరుకైందో అంత" అన్నాను.

"ఇంగ పూర్తిగా పడుకోబెడితే?"

పుల్ల పలక అంచు మీద పడుకుంది. ఈ పక్క ఏమీ మిగల్లేదు. ఆ పక్క చోటంతా ఒక్కటై, ఆ అంచంత నేరుగా పరుచుకొని ఉంది. నూట ఎనభై అంటే అదే. ఎవరో కూర్చొని పెట్టిన అంకె కాదు. నేరుగా ఉన్న అంచు. దాని మీద ఏ గీత గీసినా ఆ నేరును రెండుగా పంచుతుంది. ఒకరికి తక్కువొస్తే ఇంకొకరికి ఎక్కువొస్తుంది. ఒకటి డెబ్బై అయితే రెండోది నూట పది!

"తాతా! నూట పది!" అని అరిచాను.

"ఏమి నూట పది?" అని తాత బెదిరిపోయాడు.

ఆ పొద్దు ఇంటికి పరిగెత్తుకొని పోయాను. గిన్నె మరిచిపోయి, మళ్ళీ వెనక్కి పోయి తెచ్చుకున్నాను.

మరుసటి రోజు చరిత్ర పాఠం జరుగుతోంది. నా పక్కన కూర్చునే పిల్లకు వాళ్ళ మామ కృష్ణగిరి నుంచి జామెట్రీ బాక్సు తెచ్చిచ్చాడు. తరగతిలో అందరికీ కలిపి అదొక్కటే. కోణమానినిని మేము చందమామ అనేవాళ్ళం. దాన్ని నుదుటికి పెట్టుకొని పాపటబిళ్ళ అనుకునేవాళ్ళం, ఒకసారి దానితో సంగటి కూడా కోశాం. ఆ పిల్ల దాన్ని ఊరికే ఇచ్చేది కాదు. గుప్పెడు కాల్చిన కాయలు ఇస్తే ఒక పీరియడు ఇచ్చేది. నేను రెండు గుప్పెళ్ళు ఇచ్చాను.

చందమామ అంచున రెండు వరసల అంకెలు. అన్నాళ్ళూ చూస్తున్నా, రెండు వరసలు ఎందుకని అడగలేదు. ఇప్పుడు చూస్తే పై వరసలో పది ఉన్న చోట కింద నూట డెబ్బై. ఇరవై దగ్గర నూట అరవై. డెబ్బై దగ్గర నూట పది. ఒక్కో గీతకూ రెండు పేర్లు. నా వేలు మెల్లగా జరుగుతూ పోయింది. యాభై అయిదు. దాని కిందే నూట ఇరవై అయిదు.

చరిత్ర పాఠం మధ్యలో నేను లేచి నిలబడిపోయాను. మళ్ళీ కూర్చోమని చెప్పేదాకా నిలబడ్డానన్న సంగతే నాకు తెలియదు.

సారూ తాతా ఇద్దరూ చెబుతున్నది ఒకే గీత. కాగితం మీద సారు కొలిచింది ఆ గీతకు ఒక పక్క. వాసం మీద తాత గీసింది ఇంకో పక్క. ఇద్దరూ సరిగానే కొలిచారు!

ఇది తెలిసిన ఆనందం బడి వదిలేదాకే ఉంది. దాన్ని సారుకు చెప్పేదెవరు? సంపూరకం అడిగితే పూరకం చెప్పి బెంచీ ఎక్కిన పిల్ల, లెక్కల సారు దగ్గరికి పోయి కోణాలు చెబుతుందా? సాయంత్రం చేట దగ్గర అవ్వకు అంతా చెప్పాను. పుల్లతో, పలకతో చూపించాను.

"సారుకు చెప్పు, పో" అంది అవ్వ.

"నేను చెప్పలేనవ్వా."

"ఏం, కొడతాడా?"

"చెప్పలేను."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "సరే. రేపు నేను వస్తా" అంది.

ఆ సాయంత్రమే నేను జొన్నదంట్లు తెచ్చి, కొడవలితో నాలుగు ముక్కలు కోసుకున్నాను. రెండు తాత వాలుకు, రెండు సారు వాలుకు. దంట్ల తీపి వాసనకు చీమలు పట్టకుండా ఉట్టి మీద పెట్టాను.

మరుసటి రోజు సద్ది తినే వేళకు అవ్వ కర్ర పట్టుకొని బడికి వచ్చింది. నేరుగా పోయి వాసాల మీద కూర్చుంది.

"నా మాను నాకిచ్చేయండి. ఇంటికి ఎత్తుకొని పోతాను" అంది గట్టిగా.

సారు పరిగెత్తుకొని వచ్చారు. "ఏందమ్మా ఇది? ఇచ్చింది వెనక్కి అడుగుతారా?"

"గది కడతామంటే ఇచ్చినానప్పా. కొట్లాడేదానికి ఇయ్యలేదు. ఆచారిని పిలిపించండి, ఆయన ముందరే ఎత్తుకొని పోతాను."

ఎవరో పోయి తాతను పిలుచుకొని వచ్చారు. తాత వచ్చి దూరంగా నిలబడ్డాడు. టీ అంగడి దగ్గరి మనుషులంతా వచ్చారు. మా నాయన గొర్రెలను ఎవరికో అప్పజెప్పి వచ్చాడు. అవ్వ అందర్నీ ఒకసారి చూసి, "నా మనమరాలు ఏమో చెప్తాదంట. అది వినండి. ఆ పైన కోస్తారో, కొట్లాడతారో మీ ఇష్టం" అని నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది.

నేను సద్ది సంచి విప్పాను. దంట్లు తీశాను. మొదట తాత వాలుకు కోసినవి రెండూ ఎదురెదురుగా ఆనించాను. మొహాలు కలిశాయి, చక్కటి కప్పు అయింది. తర్వాత సారు వాలుకు కోసినవి ఆనించాను. అడుగున ముట్టుకొని, పైన నోరు తెరిచాయి.

గుంపులో ఎవరో నవ్వారు. సారు మొహం మాడిపోయింది. "అంటే నా నూట ఇరవై అయిదు తప్పంటావా?" అన్నారు.

"తప్పు కాదు సార్!" నా గొంతు నాకే కొత్తగా వినబడింది. వాసం మీద, చెరిపేసినా ఇంకా లేతగా మిగిలిన తాత గీత దగ్గర పక్క పిల్ల దగ్గర మళ్ళీ అడిగి తెచ్చుకున్న చందమామను పెట్టాను. "గీత ఒకటే సార్. దీనికి ఈ పక్క యాభై అయిదు. ఆ పక్క నూట ఇరవై అయిదు. రెండూ కలిస్తే వాసం అంచు, అది నేరుగా ఉండాది కాబట్టి నూట ఎనభై. మీరు కాగితంలో ఆ పక్క కొలిచినారు. తాత ఈ పక్క గీసినాడు." ఊపిరి తీసుకొని, "అవి సంపూరకాలు సార్" అన్నాను.

సారు కాగితం తీశారు. దాన్ని వాసం పక్కన పెట్టి, ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూశారు. దూరంగా మా గొర్రెల మెడలో గంట వినబడుతోంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నారు. తెల్ల ప్యాంటుకు ఎర్రమట్టి అంటినా చూసుకోలేదు.

"తాతా" అన్నారు చివరికి. "మీ గీత మీరే గీయండి. తుడిచినందుకు ఏమీ అనుకోవద్దండి."

తాత దగ్గరికి వచ్చి చెవి మీది పెన్సిలు తీశాడు. వెంటనే గీయలేదు. గుంపు వైపు తిరిగి, "అయ్యవారు కొలిచింది సరిగానే కొలిచినాడప్పా. ఆ పక్క నిలబడి కొలిచినాడు, అంతే. ఎవురూ ఏమీ అనబాకండి" అన్నాడు. ఆ తర్వాతే గీత గీసి రంపం పట్టాడు.

వేపచెక్క పొట్టు చేదుగా గాలిలోకి లేచింది. మొదటి ముక్క తెగి కింద పడగానే సారు దాన్ని ఏరి నా చేతికిచ్చారు. "వాసానికి ఆనించి చూపించు, అందరూ చూడనీ" అన్నారు. మా తరగతి మొత్తం ఒక్కొక్కరుగా వచ్చి చూశారు. ఆ తర్వాత మా తరగతిలో సంపూరక కోణం తప్పు చెప్పినవాళ్ళు లేరు.

పెంకులు కృష్ణగిరి నుంచి రెండెద్దుల బండ్లలో వచ్చాయి. ఊరంతా వరసగా నిలబడి చేతి నుంచి చేతికి అందించారు. ఆ రోజు బడి ముందర పెద్ద అండాలో పితికిన పప్పు ఉడికింది. సారు అందరితో పాటు నేల మీద కూర్చొని, సంగటి ముద్దలో గుంత చేయడం చేతకాక చేతులంతా పూసుకుంటే, అవ్వ పక్కన కూర్చొని నేర్పించింది. మా నాయన చేయి కడుక్కుంటూ, "తొమ్మిదో తరగతికి ఎన్ని పుస్తకాలు కావాల?" అని అడిగాడు.

కప్పు పని జరిగిన ఆ నెలలోనే ఆచారి తాత నన్ను పక్కకు పిలిచాడు. ఎవరూ వినడం లేదని చూసుకొని, "పాపా, ఆ చందమామ మీద ఉండే అంకెలు నాకు చెప్తావా?" అన్నాడు.

లెక్కపెట్టడం ఆయనకు వచ్చు. అంకెల రూపం ఒక్కటే తెలియదు. రోజూ సాయంత్రం ఆయన పెరట్లో చెక్కపొట్టును చదును చేసి, వేలితో రాసి చూపించేదాన్ని. ఒకటి సులభంగా వచ్చింది. అయిదు నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. రెండు మాత్రం ఎంతకీ లొంగలేదు. ఆయన రాసిన ప్రతిసారీ అద్దంలో చూసినట్టు తిరగబడేది. "ఇది నాతో కొట్లాడతా ఉండాది" అని నవ్వేవాడు.

చివరి జత వాసాలను పైకి ఎత్తే ముందు, తాత ఒకదాని పక్కన కూర్చొని, కోత దగ్గర ఎర్ర పెన్సిలుతో మెల్లగా రాశాడు. కోసిన కొస వైపు 55. దాని పక్కనే, సారు కొలిచిన 125. అందులో రెండు తిరగబడింది. సారు చూశారు. దిద్దడానికి చేయి చాచారు. మళ్ళీ ఏమనుకున్నారో, చేయి వెనక్కి తీసుకొని, "ఎత్తండప్పా" అన్నారు.

ఆ గదిలో నేను తొమ్మిదీ పదీ, రెండేళ్ళు చదివాను. పదకొండు మందిమి, అందులో నలుగురు ఆడపిల్లలం. ఆ తర్వాత కృష్ణగిరిలో డ్రాయింగు నేర్చుకున్నాను. హోసూరుకు ఫ్యాక్టరీలు వస్తున్న కాలం. ఒకదాంట్లో యంత్ర భాగాల బొమ్మలు గీసే పని దొరికింది. మా ఇంట్లో చేతిలో కర్రతో కాకుండా పెన్సిలుతో పని చేసిన మొదటి మనిషిని నేను. మొదటి సెలవుకు ఇంటికి పోయినప్పుడు అవ్వ నా వేళ్ళు పట్టుకొని చూసి, కాయలు కాయలేదేమని అడిగింది.

సారుకు మా తర్వాత కొన్నాళ్ళకు వేరే ఊరికి బదిలీ అయింది. ఆచారి తాత పోయాడు, అవ్వ పోయింది. ఇప్పుడు అక్కడ రెండంతస్తుల సిమెంటు బడి ఉంది. పాత గదిని ఎప్పుడు పడగొట్టారో, ఆ పన్నెండు వాసాలు ఎవరింటికి పోయాయో నేను అడగలేదు.

కానీ ఆ రెండేళ్ళు, పాఠం తలకెక్కనప్పుడల్లా నేను పైకి చూసేదాన్ని. ఎర్రటి అంకెలు కనబడేవి. కొత్తగా చేరిన పిల్లలు ఆ తిరగబడ్డ రెండును చూసి నవ్వేవాళ్ళు. సారు వాళ్ళను ఏమీ అనేవారు కాదు. ఆ అంకెలు రాసినాయన వయసెంతో మాత్రం చెప్పి, మళ్ళీ బోర్డు వైపు తిరిగేవారు. పిల్లలు నవ్వడం ఆపి, ఇంకొకసారి, ఈసారి నిదానంగా, తలలు పైకెత్తి చూసేవాళ్ళు.